బీకన్ హిల్: ఒక కొండ, రెండు వాలులు

పాత ధనికుల పేటలను చూసే చూపులు మనలో రెండు రకాలుగా వున్నాయి. మొదటిది యాత్రికుడి చూపు. అతనికి ఇటుక గోడల అందం, ఇనుప కటకటాల పనితనం, తలుపుల మీది ఇత్తడి తళతళ కనిపిస్తాయి. చూసి మురిసిపోయి, ఫొటో తీసుకుని వెళ్లిపోతాడు. రెండవది మన అభ్యుదయవాదుల్లోనే కొందరి చూపు. దోచిన సొమ్ముతో లేచిన మేడలతో మనకేం పని అని వాళ్లు మొహం తిప్పుకుంటారు. మొదటివాడు ఆ గోడల వెనక శ్రమను చూడడు. రెండవవాడు శ్రమను తలుస్తాడు గాని, శ్రమించిన మనిషిని వెదకడు. ఫలితంలో ఇద్దరికీ భేదం లేదు. ఇద్దరి చేతుల్లోనూ ఆ పేట చరిత్ర ధనికుల సొంత ఆస్తిగానే మిగిలిపోతుంది.

అమెరికాలోని బోస్టన్ నగరంలో బీకన్ హిల్ అనే పేటను నేను కాలినడకన తిరిగాను. ఒక కొస నుంచి మరో కొసకు పావుగంటలో నడిచి పోగల చిన్న పేట అది. గ్యాసు దీపాలు పగలు కూడా వెలుగుతూ వుంటాయి. ఇటుక పరచిన కాలిబాటలు చెట్ల వేళ్లు తన్నడం వల్ల ఎగుడుదిగుడుగా వుంటాయి. అమెరికాలో మిక్కిలి ఖరీదైన ఇళ్లున్న పేటల్లో అది ఒకటి. కాని ఆ కొండకు రెండు వాలులున్నాయి. దక్షిణపు వాలు మీద వ్యాపారులు, మిల్లు యజమానులు కాపురమున్నారు. ఉత్తరపు వాలు మీద క్షురకులు, బట్టలు ఉతికేవాళ్లు, ఓడ కూలీలు, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు బ్రతికారు. ఈ రెండు వాలుల మధ్య జరిగిన సంఘర్షణే బీకన్ హిల్ చరిత్ర అని నా అభిప్రాయం. అది ఎందువల్లనో దారి వెంట చెపుతాను.

కొండ పేరుతోనే మొదలుపెడదాం. బీకన్ అంటే ప్రమాద సూచకంగా మంట వెలిగించే స్తంభం. ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు 1634లో ఈ కొండ శిఖరం మీద అలాంటి స్తంభం నాటారు. నేడు ఆ శిఖరం లేదు. అప్పుడు ఇక్కడ పక్కపక్కనే మూడు శిఖరాలుండేవి. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో వాటిని తవ్వి చదును చేశారు. బీకన్ శిఖరమే సుమారు 60 అడుగులు తగ్గింది. ఆ మట్టితో కింద వున్న మిల్లు చెరువును పూడ్చి కొత్త భూమి చేశారు. అంటే నేను ఎక్కిన వీధుల ఎత్తుపల్లాలు కూడా ప్రకృతి ఇచ్చినవి కావు. అవి పారలతో, గునపాలతో, బండ్లతో కూలీలు చేసినవి. ఈ కొండ మీద మొట్టమొదటి శిల్పం ఆ వాలే. దానిని మలచిన చేతుల పేర్లు మాత్రం ఏ ఫలకం మీదా లేవు.

తవ్వకానికి కారణం భూమి వ్యాపారం. బుల్‌ఫించ్ అనే శిల్పి గీసిన నమూనా ప్రకారం మసాచుసెట్స్ రాష్ట్ర శాసనసభా భవనానికి 1795లో ఇక్కడ పునాదిరాయి వేశారు. 1798లో అది పూర్తయింది. నేడు దూరం నుంచే మెరిసే బంగారు గుమ్మటం మొదట కర్ర పలకలది. తర్వాత రాగి రేకు తొడిగారు. బంగారు పూత 1874 నాటిది. ఈ భవనానికి స్థలం ఎంచిన కమిటీలో హారిసన్ గ్రే ఓటిస్ అనే న్యాయవాది, రాజకీయ నాయకుడు సభ్యుడు. భవనం వస్తే పక్క పొలం విలువ ఎంత పెరుగుతుందో అతనికి తెలుసు. ఆ పొలం చిత్రకారుడు జాన్ సింగిల్టన్ కాప్లీది. సుమారు 18 ఎకరాలు. కాప్లీ 1774 నుంచి ఇంగ్లండులో వుంటున్నాడు. ఓటిస్, అతని భాగస్వాములు సంఘంగా ఏర్పడి కాప్లీ ఏజెంటు ద్వారా 1795లో పొలం బేరమాడుకున్నారు. సంగతి తెలిసి కాప్లీ బేరం రద్దు చేయించాలని ఏళ్ల తరబడి వ్యాజ్యమాడాడు. లాభం లేకపోయింది. అమెరికాలో మర్యాదకు మారుపేరయిన పేట పుట్టుక ఇదీ. ప్రభుత్వ నిర్ణయం ముందుగా తెలిసినవాడు భూమి కొనడం, ఆ తర్వాత ఆ భూమికి ధర రావడం మనకు కొత్త కథ కాదు. ఓటిస్ బుల్‌ఫించ్ చేత తనకోసం పన్నెండేళ్లలో మూడు ఇళ్లు కట్టించుకున్నాడు. మూడూ నేటికీ నిలిచి వున్నాయి.

శాసనసభ ముందు నుంచి బీకన్ వీధిలో పడమటికి నడిస్తే కుడివైపు మేడలు, ఎడమవైపు విశాలమైన పచ్చిక మైదానం. మేడల్లో కొన్నింటికి కిటికీ అద్దాలు ఊదారంగులో వుంటాయి. 1818 నుంచి 1824 వరకు ఇంగ్లండు నుంచి వచ్చిన గాజులో మాంగనీసు ఎక్కువ కలిసింది. ఎండ తగిలేకొద్దీ ఆ గాజు ఊదారంగుకు తిరిగింది. తయారీలో దొర్లిన లోపం కాలక్రమాన కులీనతకు చిహ్నమయింది. వంశం పాతది అని చెప్పుకోవడానికి ఊదా అద్దం కన్న సాక్ష్యం అక్కరలేకపోయింది.

అలాంటి అద్దాలున్న 39వ నంబరు ఇల్లు నేథన్ ఆపుల్టన్‌ది. కవి లాంగ్‌ఫెలో 1843లో ఆపుల్టన్ కూతురును ఈ ఇంట్లోనే పెళ్లాడాడు. యాత్రికులకు చెప్పే ముక్క అంతవరకే. చెప్పని ముక్క మరొకటి వుంది. ఆపుల్టన్, అతని మిత్రులు కలిసి మొదట 1813లో వాల్తామ్‌లోనూ, తర్వాత లొవెల్‌లోనూ అమెరికా జౌళి పరిశ్రమకు పునాదులు వేశారు. మరమగ్గాల మీద పనిచేసినవాళ్లు ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. కంపెనీ వసతిగృహాల్లో వుంటూ, గంట కొడితే లేచి, గంట కొడితే పడుకునేవారు. కూలి తగ్గించినందుకు 1834లో ఒకసారి, వసతిగృహపు ఖర్చు పెంచినందుకు 1836లో మరోసారి లొవెల్ పిల్లలు సమ్మె కట్టారు. ఆ మిల్లులకు ప్రత్తి ఎక్కడిది? దక్షిణాది బానిసలు ఏరిన ప్రత్తి. ఆ మిల్లుల్లో నేసిన బట్టలో ముతకరకం ఎక్కడికి పోయేది? బానిసలకు కట్టబెట్టడానికి తిరిగి దక్షిణాదికే పోయేది. ప్రత్తి పొలంలో వీపు మీద కొరడా, మిల్లులో కొక్కానికి వేలాడే గంట, బీకన్ వీధిలో ఊదా అద్దం: ఈ మూడింటినీ ఒకే నూలుపోగు కలిపింది. బానిసత్వం ఉత్తరాదిలో రద్దయినా, దాని లాభం ఉత్తరాదిలో రద్దు కాలేదు.

ఇదే వీధిలో జాయ్ వీధి మూల దగ్గర మన తెలుగువాళ్లం ఒక నిమిషం ఆగవలసిన చోటుంది. అక్కడ ఫ్రెడరిక్ ట్యూడర్ ఇల్లుండేది. ఇప్పుడు ఆ చోట ఆయన పేరుతోనే ఒక పెద్ద మేడ వుంది. ట్యూడర్ అమ్మిన సరుకు మంచుగడ్డ. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన నీటిని రంపాలతో కోయించి, రంపపు పొట్టులో పొదిగి, ఓడల్లో వేడి దేశాలకు పంపాడు. 1833లో బోస్టన్ నుంచి సుమారు 180 టన్నులతో బయలుదేరిన ఓడ నాలుగు నెలలకు కలకత్తా చేరేసరికి నూరు టన్నుల దాకా మిగిలింది. 1842లో మద్రాసు సముద్రతీరాన ఆ మంచు నిల్వకు కట్టిన భవనమే ఐస్ హౌస్. 1897లో వివేకానందుడు బస చేసినది అందులోనే. నేడు దాని పేరు కూడా ఆయనదే. ఆనాటి మన జిల్లాలకు రాజధాని మద్రాసే గనుక, నెల్లూరు నుంచో గుంటూరు నుంచో పనిమీద పోయినవాడు ఆ గుండ్రటి భవనాన్ని చూసే వుంటాడు. లోపలి చల్లదనం మాత్రం దొరల గ్లాసుల్లోకే. 1846-47 శీతకాలంలో వాల్డెన్ చెరువు మీద కూలీలు మంచు కోస్తుంటే చూచిన థోరో, మద్రాసు, కలకత్తా వాసులు తన బావి నీళ్లు తాగుతున్నారని ఊహించి తన పుస్తకంలో రాసుకున్నాడు. ఊహ అందమైనదే. కాని ఆ మంచు కోసిన ఐరిష్ కూలీ చేతివేళ్లు ఎంత కొంకర్లు పోయాయో, ఇక్కడ మద్రాసు రేవులో దానిని మోసిన కూలీ భుజం ఎంత వొరుసుకుపోయిందో కూడా ఊహించవలసి వుంది.

బీకన్ వీధి వదిలి కొండ ఎక్కితే లూయిస్‌బర్గ్ స్క్వేర్. నడుమ ఇనుప కమ్మీల చుట్టు మధ్య చిన్న తోట, ఇరువైపులా వరుస ఇళ్లు. ఈ తోట నగరానిది కాదు, చుట్టూ వున్న ఇళ్ల యజమానులది. 1844లోనే వాళ్లు సంఘం పెట్టుకుని తోటకూ వీధికీ తామే హక్కుదారులమని రాసుకున్నారు. తాళం చెవి వాళ్ల దగ్గరే వుంటుంది. 10వ నంబరు ఇంట్లో నవలారచయిత్రి లూయిసా మే ఆల్కాట్ 1885 నుంచి కొంతకాలం వున్నది. కలంతో సంపాదించి తండ్రి కుటుంబాన్నంతా పోషించిన స్త్రీ ఆమె. స్క్వేరుకు దిగువన ఏకార్న్ వీధి. గుండ్రాళ్లు పరచిన ఇరుకు సందు. ఇంతగా ఫొటోలకెక్కిన వీధి అమెరికాలో మరొకటి లేదంటారు. నేను వెళ్లినప్పుడు కూడా పెళ్లిబట్టల్లో ఒక జంట అక్కడ నిలబడి వుంది. ఆ సందులో వున్నవి బండి తోలేవాళ్ల కోసం, చేతిపనివాళ్ల కోసం కట్టిన చిన్న ఇళ్లు. పక్క వీధుల మేడల్లో సేవ చేసినవాళ్లు ఇక్కడ తలదాచుకునేవారు. నేడు ఆ ఇరుకు ఇంటిని కొనడం బండి తోలేవాడి మాట అటుంచి, కాలేజీ ఉపాధ్యాయుడికి కూడా సాధ్యం కాదు. పేదవాడి ఇరుకు కూడా ధనికుడి అభిరుచి అయినప్పుడు దానికి ధర వస్తుంది. పేదవాడికి చోటు పోతుంది.

ఇక పింక్నీ వీధి. దక్షిణపు వాలుకూ ఉత్తరపు వాలుకూ చాలాకాలం ఇదే సరిహద్దు. ఈ వీధి తూర్పు కొస దగ్గర 5వ నంబరున చిన్న చెక్క ఇల్లు ఒకటి వుంది. స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొన్న నల్లజాతి నాయకుడు జార్జి మిడిల్టన్, క్షురకుడు లూయీ గ్లాపియన్‌తో కలిసి 1780ల చివర కట్టుకున్న ఇల్లది. అంటే కాప్లీ పొలం బేరం కాకముందే, ఓటిస్ మేడ లేవకముందే, ఈ కొండ మీద నల్లజాతి శ్రామికులు ఇల్లు కట్టుకుని వున్నారు. మసాచుసెట్స్‌లో బానిసత్వం చెల్లదని న్యాయస్థానం చెప్పినది 1783లో. ఆ తర్వాతి రెండు తరాల్లో బోస్టన్ నల్లజాతి జనంలో పెద్దభాగం ఈ ఉత్తరపు వాలు మీదనే నివసించింది. 1860లో కూడా నగరం మొత్తం మీద వాళ్లు రెండువేల పైచిలుకు మాత్రమే. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకోవాలి. మన దేశంలో ఒక పెద్ద గ్రామమంత జనం ఒక మహాదేశపు అంతరాత్మను కుదిపారు.

జాయ్ వీధిలో దిగితే ఆఫ్రికన్ మీటింగ్ హౌస్. 1806లో కట్టిన ఇటుక ప్రార్థనామందిరం. అమెరికాలో నిలిచి వున్న నల్లజాతి ప్రార్థనామందిరాల్లో అన్నిటికన్న పాతది. ఆఫ్రికాలో పుట్టిన కేటో గార్డ్‌నర్ అనే వ్యక్తి దీనికోసం 1500 డాలర్లు పోగుచేశాడు. తలుపు పైన ఆయన పేరు చెక్కి వుంది. ఈ మందిరం ప్రారంభోత్సవం నాడు కింది అంతస్తు ఆసనాలను ఉదారులైన తెల్లవారి కోసం కేటాయించారు. కట్టుకున్నవాళ్లు పైన బాల్కనీలో కూర్చున్నారు. ఉదారవాదంలో వుండే చిక్కు అంతా ఈ ఒక్క ఏర్పాటులో వుంది. దాతకు ముందు వరుస, హక్కుదారుకు మెట్ల పైన చోటు.

కాని ఆ బాల్కనీలో కూర్చున్నవాళ్లు ఊరుకోలేదు. ఇదే వీధిలో డేవిడ్ వాకర్ వుండేవాడు. పాత బట్టల కొట్టు ఆయన జీవనాధారం. 1829లో బానిసత్వంపై తిరుగుబాటుకు పిలుపునిస్తూ కరపత్రం అచ్చువేశాడు. నావికులకు అమ్మే బట్టల్లో దాచి ఆ ప్రతులను దక్షిణాది రేవులకు పంపాడని చెపుతారు. దక్షిణాది ప్రభుత్వాలు కంగారుపడి కొత్త చట్టాలు చేశాయి. మరుసటి ఏడాదే వాకర్ మరణించాడు. ఆయన మాటను అందుకున్నది మరియా స్టువర్ట్. ఇళ్లలో పనిచేస్తూ పెరిగిన స్త్రీ ఆమె. 1832, 33లలో బోస్టన్ సభల్లో స్త్రీపురుషుల ముందు నిలబడి రాజకీయోపన్యాసాలు చేసింది. అమెరికాలో అలా మాట్లాడిన తొలి స్త్రీలలో ఆమె ఒకతె. ఈ నేల మీదనే, 1832 జనవరి 6 రాత్రి ఆఫ్రికన్ మీటింగ్ హౌస్ కింది గదిలో విలియం లాయిడ్ గారిసన్, అతని సహచరులు కలిసి న్యూ ఇంగ్లండ్ బానిసత్వ వ్యతిరేక సంఘాన్ని స్థాపించారు. సంతకం చేసినవాళ్లు పన్నెండు మంది. పాఠ్యపుస్తకాల్లో ఉద్యమం గారిసన్‌తో మొదలవుతుంది. కాని అతని పత్రికకు తొలి చందాదారుల్లో ఎక్కువమంది నల్లజాతివారే. పత్రికను బ్రతికించినవాళ్లు పాఠకులయితే, ఉద్యమాన్ని పుట్టించినవాడు సంపాదకుడు ఒక్కడే ఎలా అవుతాడు?

దక్షిణపు వాలు దీనికెలా జవాబిచ్చింది? 1835 అక్టోబరులో గారిసన్‌ను తాడుకట్టి వీధుల్లో ఈడ్చిన గుంపు అలగాజనం కాదు. మంచి బట్టలు తొడుక్కున్న ఆస్తిపరులు. దక్షిణాదితో ప్రత్తి వ్యాపారం చెడుతుందని వాళ్ల భయం. ప్రాణం కాపాడడానికి నగర మేయరు గారిసన్‌ను జైల్లో పెట్టవలసి వచ్చింది. పారిపోయిన బానిసలను పట్టి యజమానికి అప్పగించాలన్న 1850 చట్టాన్ని బలపరచిన డేనియల్ వెబ్‌స్టర్ ఈ రాష్ట్రపు సెనేటరే. బోస్టన్ వ్యాపారులు చందాలు పోగుచేసి అతన్ని పోషించారు. అతని విగ్రహం 1859లో శాసనసభ ముందు వెలిసింది.

మీటింగ్ హౌస్ పక్కనే 1835లో నల్లజాతి పిల్లల కోసం కట్టిన ఏబియల్ స్మిత్ పాఠశాల వుంది. మన ఉపాధ్యాయ మిత్రులు దీని కథను తప్పక తెలుసుకోవాలి. విలియం కూపర్ నెల్ అనే విద్యార్థి 1829లో పరీక్షలో ప్రథమశ్రేణిలో నెగ్గాడు. తెల్ల పిల్లలకిచ్చే పతకం అతనికివ్వలేదు, విందుకు పిలవలేదు. వడ్డించేవాడుగా లోపలికి పోయి ఆ విందును కళ్లారా చూశాడు. పెద్దయిన తర్వాత ఆ విడి పాఠశాలకే పిల్లలను పంపవద్దని బహిష్కరణోద్యమం నడిపాడు. అయిదేళ్ల సారా రాబర్ట్స్ అయిదు తెల్ల పాఠశాలలు దాటి ఈ పాఠశాలకు నడిచి రావలసి వచ్చేది. తండ్రి బెంజమిన్ రాబర్ట్స్ 1848లో నగరంపై దావా వేశాడు. రాబర్ట్ మోరిస్ అనే నల్లజాతి న్యాయవాది, చార్లెస్ సమ్నర్ కలిసి వాదించారు. 1850లో ప్రధాన న్యాయమూర్తి లెమ్యూల్ షా దావా కొట్టివేశాడు. ఉద్యమం ఆగలేదు, 1855లో శాసనసభ పాఠశాలల్లో వేర్పాటును నిషేధించింది. అయినా షా తీర్పు చావలేదు. వేరుగా వున్నా సమానమే అనే సిద్ధాంతానికి 1896లో అమెరికా సుప్రీంకోర్టు దానిని ఆధారంగా చూపింది. 1954 దాకా ఆ సిద్ధాంతం దేశాన్నేలింది. 1974లో ఇదే బోస్టన్‌లో నల్లపిల్లల బస్సుల మీద రాళ్లు పడ్డాయి. ఒక చట్టం గెలిచినంత మాత్రాన పోరాటం ముగియదనడానికి ఇంతకన్న దృష్టాంతం ఏం కావాలి? ఊరి బడిలో వెనక బెంచీకి, విడి కుండకు అలవాటుపడిన మన దేశస్థులకు ఈ పాఠశాల గోడలు పరాయివి కావు.

ఫిలిప్స్ వీధిలో 66వ నంబరు లూయిస్, హారియట్ హేడెన్ దంపతుల ఇల్లు. కెంటకీలో బానిసగా వుండగా లూయిస్ మొదటి భార్యను, బిడ్డను అమ్మేశారు. 1844లో హారియట్‌తో కలిసి పారిపోయి వచ్చి, కొండ కింద బట్టల దుకాణం పెట్టాడు. ఆ ఇల్లు పారిపోయి వచ్చినవాళ్లకు సత్రమయింది. 1853లో రచయిత్రి హారియట్ బీచర్ స్టోవ్ అక్కడికి వెళ్లినప్పుడు పదముగ్గురు ఒక్కసారే కనిపించారు. జార్జియా నుంచి తప్పించుకున్న క్రాఫ్ట్ దంపతులు కూడా ఇక్కడ తలదాచుకున్నవాళ్లే. భార్య ఎలెన్ తెల్ల యజమానిగా మగవేషం కట్టింది. భర్త విలియం ఆమె బానిసగా నటించాడు. రైళ్లలో, ఓడల్లో బహిరంగంగా ప్రయాణం చేసి వచ్చారు. వాళ్లను పట్టుకోవడానికి మనుషులు వచ్చినప్పుడు, గుమ్మం కింద తుపాకిమందు పీపాలున్నాయనీ, అప్పగించడానికి బదులు ఇల్లు పేల్చేస్తాననీ హేడెన్ చెప్పాడంటారు. లూయిస్ 1873లో శాసనసభకు ఎన్నికయ్యాడు. 1893లో హారియట్ మరణించినప్పుడు తన ఆస్తిని నల్లజాతి వైద్యవిద్యార్థుల వేతనం కోసం హార్వర్డుకు రాసింది. బానిసగా పుట్టిన స్త్రీ విశ్వవిద్యాలయానికి దాత అయింది. కొండకు అవతలి వాలున వున్న ఊదా అద్దాల దాతృత్వంతో దీన్ని పోల్చి చూడండి.

ఇంతమాత్రాన దక్షిణపు వాలులో మనుషులే లేరని నేను అనను. అలా అనడం చరిత్రను చదరంగంబల్ల చేయడమే. 1854లో ఆంథనీ బర్న్స్ అనే బానిసను ప్రభుత్వ సైనికులు బోస్టన్ వీధుల్లో నడిపించి ఓడ ఎక్కించినప్పుడు, మిల్లు వంశీకుడయిన ఏమస్ ఆడమ్స్ లారెన్స్ లాంటి సంప్రదాయవాదులు కూడా ఒక్క రాత్రిలో మనసు మార్చుకున్నారు. కాని ఆ మార్పు దానంతటది వచ్చిందా? కోర్టు తలుపు పగలగొట్టడానికి హేడెన్, అతని సహచరులు పోయి వుండకపోతే, ఆ బానిస బందీగా నడిచిన దృశ్యం మరొక మామూలు దృశ్యంగా కలిసిపోయేది. పాలకవర్గపు మనస్సాక్షిని మేలుకొలిపేది పాలితుల కదలికే. జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వాన్ని తుదముట్టించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. పూనా నుంచి వెళ్లిన ఆ నమస్కారం ఈ కొండ మీద ఏ వాలుకు చేరాలో నడిచి చూస్తేనే తెలుస్తుంది.

శాసనసభ ఎదుట, మైదానపు అంచున 54వ మసాచుసెట్స్ పటాలపు స్మారకం వుంది. శిల్పి సెయింట్ గాడెన్స్ చెక్కిన ఈ కంచు ఫలకాన్ని 1897 మే 31న ఆవిష్కరించారు. గుర్రం మీద తెల్ల అధికారి రాబర్ట్ గూల్డ్ షా; పక్కన నడుస్తున్న నల్లజాతి సైనికులు. ముఖాలన్నీ వేరువేరు. ఒక్కొక్క ముఖంలో ఒక్కొక్క జీవితం. 1863 జూలై 18న వాగ్నర్ కోట మీద దాడిలో ఈ పటాలం 270 మందికి పైగా కోల్పోయింది. దానికన్న పెద్ద యుద్ధం వాళ్లు కూలి కోసం చేశారు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. వీళ్లకు 10, అందులో బట్టలకు 3 కోత. తక్కువ జీతం ముట్టమని పటాలం మొత్తం నిరాకరించింది. తేడాను రాష్ట్రం భరిస్తానన్నా ఒప్పుకోలేదు. వాళ్లడిగింది డబ్బు కాదు, సమానత్వం. 1864లో కాంగ్రెసు దిగివచ్చింది. స్మారకం వెనక చనిపోయిన తెల్ల అధికారుల పేర్లు మొదటినుంచీ వున్నాయి. చనిపోయిన నల్లజాతి సైనికుల పేర్లు 1982లో గాని చెక్కలేదు. కంచులో ముఖం వుండి, రాతిలో పేరు లేకుండా 85 ఏళ్లు గడిచాయి.

తెలుగుదేశంతో ముడి మంచుగడ్డతోనే అయిపోలేదు. కొండ కింద చార్లెస్ వీధిలో 1807 నాటి బాప్టిస్టు మందిరం ఒకటి వుంది. నల్లవాళ్లు అక్కడ విడి వరండాలో కూర్చోవాలి. 1830లలో తిమోతీ గిల్బర్ట్ అనే సభ్యుడు నల్లజాతి మిత్రులను తన బెంచీ మీదికి పిలిచాడు. సంఘం అతన్ని వెలివేసింది. అతడూ, మరికొందరూ కలిసి, ఎవరయినా ఎక్కడయినా కూర్చోగల మందిరం పెట్టారు. కొండకు తూర్పు పాదాన వున్న ట్రెమాంట్ టెంపుల్ ఆ సంఘానిదే. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు తర్వాతి దశాబ్దాల్లో కేంద్ర కార్యాలయం ఈ ట్రెమాంట్ టెంపుల్‌లోనే వుండేది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2222 మంది, అత్యధికులు మాదిగలు, బాప్తిస్మం పొందిన వార్త ఇక్కడికే చేరింది. మిషన్ దీనిని తన విజయంగా రాసుకుంది. కరువులో క్లౌ దొర ఇచ్చిన కాలవ పనిని కొందరు కారణంగా చెప్పారు. రెంటిలోనూ సత్యాంశం వుంది. రెంటిలోనూ మనుషులు లేరు. బెంచీ మీద సమానంగా కూర్చోవాలన్న కోరిక చార్లెస్ వీధిలోనూ, గుండ్లకమ్మ ఒడ్డునా ఒకటే. ఆ కోరిక మతం కన్న పెద్దది. దానిని మతమార్పిడి లెక్కగానో, కరువు లెక్కగానో కుదించిన చరిత్రకారుడు రెండు చోట్లా దాతనే చూశాడు.

ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఈ కొండ పాత పని మానలేదు. 1912లో లారెన్స్ పట్టణపు జౌళి కార్మికులు ఇరవై వేలకు పైగా సమ్మె కట్టారు. ఆ పట్టణాన్ని స్థాపించిన ఆబట్ లారెన్స్ మనవడు ఎ. లారెన్స్ లొవెల్ హార్వర్డు అధ్యక్షుడు. సాకో, వాంజెట్టి అనే ఇద్దరు ఇటాలియన్ కార్మికుల మరణశిక్ష న్యాయమైనదేనా అని విచారించడానికి గవర్నరు వేసిన కమిటీకి ఆయనే పెద్ద. న్యాయమైనదే అని కమిటీ చెప్పింది. 1927 ఆగస్టులో శాసనసభ ముందు ప్లకార్డులు పట్టుకున్న డాస్ పాసోస్, డొరతీ పార్కర్, ఎడ్నా మిలే మొదలైన రచయితలను అరెస్టు చేశారు. ఆగస్టు 23న ఇద్దరినీ చంపారు. విచారణ న్యాయంగా జరగలేదని గవర్నరు ప్రకటించేసరికి 1977 వచ్చింది.

చివరి సంగతి ఈ పేట ఇంత భద్రంగా ఎలా నిలిచిందన్నది. 1947లో నగరం ఇటుక కాలిబాటలు పీకి సిమెంటు పోయబోతే, వెస్ట్ సీడర్ వీధి గృహిణులు ఇటుకల మీద బైఠాయించారు. నగరం వెనక్కి తగ్గింది. 1955లో చట్టం చేసి దక్షిణపు వాలును చారిత్రక ప్రాంతంగా కాపాడారు. ఉత్తరపు వాలుకు ఆ రక్షణ పూర్తిగా అందడానికి 1963 దాకా పట్టింది. నల్లజాతివాళ్లు అప్పటికే ఇతర పేటలకు పోయారు. మీటింగ్ హౌస్ చాలాకాలం యూదుల ప్రార్థనామందిరంగా వుండి, 1972లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం చేతికి వచ్చింది. సరిగ్గా ఆ 1950లలోనే, కేంబ్రిడ్జి వీధి దాటిన వెంటనే వున్న వెస్ట్ ఎండ్ అనే పేటను నగరం మురికివాడ అని ప్రకటించింది. ఇటాలియన్లు, యూదులు, ఇతర శ్రామికులు వేలాదిమంది వుండిన ఆ ఇళ్లను 1958 నుంచి కూలగొట్టి, డబ్బున్నవాళ్ల కోసం ఎత్తయిన మేడలు లేపింది. వీధికి ఒక పక్క ఇటుక కూడా చరిత్రే. మరో పక్క మనిషి కూడా చెత్తే. ఏది వారసత్వం, ఏది మురికివాడ అన్నది గోడల వయసును బట్టి నిర్ణయం కాలేదు. ఆ గోడల మధ్య ఎవరున్నారన్నదాన్ని బట్టి నిర్ణయమయింది.

ఇందులో మన విద్యార్థులకు, ఉపాధ్యాయులకు పని వుంది. మన నగరాల్లో కూడా పాత బంగళాలకు సున్నం వేసి వారసత్వం అంటున్నాం. పక్కనే కూలివాడలను బుల్డోజరుతో నెట్టి అభివృద్ధి అంటున్నాం. పాత ఇంటి అందాన్ని ద్వేషించనక్కరలేదు. ఆ ఇటుక పేర్చిన చేయి అందమైనది గనుకనే ఆ గోడ అందంగా వుంది. అందాన్ని వదులుకుంటే దానిని చేసినవాడి హక్కును కూడా వదులుకున్నట్లే. విద్యార్థులను వెంటబెట్టుకుని మీ ఊరి ధనికుల పేటకు నడవండి. భూమి ఎవరిది, ఎవరు కొన్నారు, రాళ్లు ఎవరు మోశారు, వంటగది తలుపు ఎటు వుంది, పనివాళ్లు రాత్రి ఎక్కడికి పోయేవాళ్లు అని అడగండి. దొరికిన పేర్లు రాసిపెట్టండి. 54వ పటాలం సైనికుల పేర్లు రాయికి ఎక్కడానికి 85 ఏళ్లు పట్టింది. మన ఊళ్లలో ఆ పేర్లు ఇంకా కొందరు వృద్ధుల నోళ్లలో బ్రతికే వున్నాయి. వాళ్లు పోకముందే అడగాలి.